నొప్పి నివారణలో నర్సుల బాధ్యత - నైతిక, న్యాయపరమైన అంశాలు

ఆసుపత్రిలో నొప్పికి మందు రాసేది వైద్యుడు. లెక్క చూసి మందు ఇచ్చేది ఫార్మసిస్టు. అయితే రాత్రి రెండు గంటలకు మూలుగు విని రోగి మంచం దగ్గరకు వెళ్ళేది నర్సు. కేస్ షీటులో రాసిన మందు రోగికి అందిందా, అందిన తరువాత నొప్పి తగ్గిందా, తగ్గకపోతే ఆ సంగతి ఎవరికైనా తెలిసిందా అన్న మూడు ప్రశ్నలకూ సమాధానం నర్సు విధి నిర్వహణపైనే ఆధారపడి ఉంటుంది.

మార్ఫిన్ వంటి ఓపియాయిడ్ మందుల దగ్గరకు వచ్చేసరికి ఈ విధి నిర్వహణపై భయం నీడ పడుతోంది. రోగికి ఊపిరి ఆగిపోతుందేమో, మందుకు అలవాటు పడతాడేమో, రేపు లెక్కలో ఒక మాత్ర తగ్గితే పోలీసు కేసు అవుతుందేమో అన్న శంకలు వార్డుల్లో తరచుగా వినిపించేవే. వీటిలో కొన్నింటికి ఆధారం ఉంది, చాలావాటికి లేదు. ప్రస్తుతం అమలులో ఉన్న చట్టాన్ని పరిశీలిస్తే అది శిక్షించేది లెక్కకు అందని మందునే గాని, అర్హుడైన వైద్యుని ఉత్తర్వు ప్రకారం రోగికి ఇచ్చి నమోదు చేసిన మందును కాదని స్పష్టమవుతుంది. మరోవైపు, ఇవ్వవలసిన మందును ఇవ్వకుండా ఆపడం కూడా జవాబు చెప్పుకోవలసిన చర్యే. ఈ రెండో సంగతి మన ఆసుపత్రుల్లో ఇంకా తగినంతగా చర్చకు రాలేదు.

భయానికి మూలం

మాదకద్రవ్యాలు, మనఃప్రభావక పదార్థాల చట్టం, అంటే వ్యవహారంలో ఎన్.డి.పి.ఎస్. చట్టం, 1985 నవంబరు 14 నుంచి అమలులోకి వచ్చింది. ఈ చట్టంలో నిషేధం విధించిన 8వ సెక్షన్‌లోనే వైద్య, శాస్త్రీయ అవసరాలకు మినహాయింపు ఉంది. అంతకు చాలా ముందే, 1961 నాటి ఐక్యరాజ్య సమితి మాదకద్రవ్యాల ఒప్పందం తన పీఠికలో నొప్పి నివారణకు ఈ మందులు అనివార్యమని గుర్తించింది. 1977లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన మొట్టమొదటి అత్యవసర ఔషధాల జాబితాలోనూ మార్ఫిన్ ఉంది. అయినప్పటికీ ఆచరణలో అధికారులకు, ఆసుపత్రులకు కనిపించింది మినహాయింపు కాదు, శిక్ష. పలు నేరాలకు కనీసం 10 సంవత్సరాల కారాగార శిక్ష ఉండేది. పట్టుబడిన పరిమాణాన్ని బట్టి శిక్షను అంచెలుగా విభజించడం 2001 సవరణతో గాని జరగలేదు.

మార్ఫిన్ కొనడానికి, నిల్వ చేయడానికి, ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి తెచ్చుకోవడానికి వేర్వేరు శాఖల నుంచి వేర్వేరు లైసెన్సులు పొందవలసి వచ్చేది. ఒకటి చేతికి వచ్చేలోగా మరొకదాని గడువు తీరిపోయేది. ఫలితంగా ఆసుపత్రులు మార్ఫిన్ తెప్పించడమే మానివేశాయి. చట్టం వచ్చిన పన్నెండేళ్ళకు, 1997లో, దేశం మొత్తం మీద వైద్య అవసరాలకు వాడిన మార్ఫిన్ సుమారు 18 కిలోలు మాత్రమే. అంతకుముందు వాడకంతో పోలిస్తే ఇది 97 శాతం మేర తగ్గుదల. ప్రభుత్వ అనుమతితో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో నల్లమందు సాగు చేయించి, ఘాజీపూర్, నీమచ్ ప్రభుత్వ కర్మాగారాలలో శుద్ధి చేసే దేశంలో ఈ పరిస్థితి ఏర్పడటం గమనార్హం. పదమూడేళ్ళ పాటు మార్ఫిన్ చూడకుండానే ఒక తరం వైద్యులు, నర్సులు చదువు ముగించుకుని ఉద్యోగాలలో చేరారు. ఇప్పుడు సీనియర్ స్థానాలలో ఉన్నవారిలో ఆ తరం వారు ఎందరో ఉన్నారు. చట్టం మారినంత వేగంగా అలవాటు మారకపోవడానికి ఇదొక కారణం.

1998లో కేంద్ర రెవెన్యూ శాఖ సరళీకృత నమూనా నిబంధనలను రాష్ట్రాలకు పంపింది. కేరళ వంటి కొన్ని రాష్ట్రాలు వాటిని స్వీకరించాయి, పెక్కు రాష్ట్రాలు స్వీకరించలేదు. చివరకు 2014లో పార్లమెంటు చట్టాన్నే సవరించింది. ఆ ఏడాది మే 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ సవరణ 'ఆవశ్యక మాదక ఔషధాలు' అనే కొత్త వర్గాన్ని సృష్టించి, వాటిపై నిబంధనలు చేసే అధికారాన్ని రాష్ట్రాల నుంచి కేంద్రానికి మార్చింది. వైద్య, శాస్త్రీయ అవసరాలకు మాదకద్రవ్యాలను అందుబాటులో ఉంచడం కూడా ప్రభుత్వ కర్తవ్యమేనని చట్టంలో చేర్చింది. 2015 మేలో వెలువడిన నిబంధనల ప్రకారం మార్ఫిన్, మెథడోన్, ఫెంటనిల్, కోడీన్, ఆక్సికోడోన్, హైడ్రోకోడోన్ అనే ఆరు మందులు ఈ వర్గంలోకి వస్తాయి. వీటిని వాడదలచిన ఆసుపత్రి రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి నుంచి 'గుర్తింపు పొందిన వైద్య సంస్థ'గా ఆమోదం తెచ్చుకుంటే చాలును. ఎక్సైజ్ శాఖ చుట్టూ తిరగవలసిన పని లేదు.

నిబంధన సులభమైనంత మాత్రాన మందు రోగికి చేరలేదు. నొప్పి నివారణ అందుబాటుపై లాన్సెట్ పత్రిక నియమించిన కమిషన్ 2017లో ఇచ్చిన నివేదిక ప్రకారం, తీవ్రమైన ఆరోగ్య బాధను అనుభవిస్తున్న ఒక్కొక్క రోగికి భారతదేశంలో సగటున అందుబాటులో ఉన్నది మార్ఫిన్ లెక్కన 43 మిల్లీగ్రాములు. అవసరంలో ఇది 4 శాతం. అదే కెనడాలో 68 వేల మిల్లీగ్రాములకు పైమాటే.

తాళం, రిజిస్టరు, రెండు సంతకాలు

వార్డులో మార్ఫిన్ ఉండే అలమరా తాళం చెవి సాధారణంగా డ్యూటీలో ఉన్న నర్సు దగ్గర ఉంటుంది. షిఫ్టు మారేటప్పుడు ఆంప్యూళ్ళను, మాత్రలను లెక్కించి ఇద్దరూ సంతకం చేయడం, ఏ రోగికి, ఏ సమయానికి, ఎంత మోతాదు, ఎవరి ఉత్తర్వుపై ఇచ్చినదీ రాయడం, మిగులు నిల్వను సరిచూడడం ఆమె పని. 10 మిల్లీగ్రాముల ఆంప్యూల్ నుంచి 3 మిల్లీగ్రాములు ఇవ్వవలసి వస్తే మిగిలిన 7 మిల్లీగ్రాములను మరొకరి సమక్షంలో పారబోసి, ఆ సంగతిని ఇద్దరి సంతకాలతో నమోదు చేయాలి. చేయి జారి ఆంప్యూల్ పగిలినా అంతే. మరునాడు రాద్దామనుకోవడమే చిక్కులకు మొదలు.

ఎన్.డి.పి.ఎస్. చట్టం 26వ సెక్షన్ లెక్కలు నిర్వహించని లైసెన్సుదారుతో పాటు ఆయన కింద పనిచేసేవారినీ ప్రస్తావిస్తుంది. మూడేళ్ళ వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. కనుక రిజిస్టరు విషయంలో నర్సుల జాగ్రత్త సమంజసమే. అయితే ఈ జాగ్రత్త ఒక్కోసారి వింత రూపం ధరిస్తుంది. మందు వాడకపోతే లెక్క తప్పదు గదా అన్న ఆలోచనతో ఆంప్యూళ్ళను అలమరాలోనే గడువు తీరేవరకు ఉంచడం ఇందుకు ఉదాహరణ. తనిఖీకి వచ్చిన అధికారికి నిండుగా ఉన్న అలమరా, ఖాళీగా ఉన్న రిజిస్టరు చక్కని క్రమశిక్షణగా కనిపించవచ్చును. కేన్సర్ రోగులు ఉన్న వార్డులో అది ప్రశ్నించవలసిన విషయం.

నొప్పిని నమ్మడం

రక్తపోటుకు యంత్రం ఉంది, జ్వరానికి థర్మామీటరు ఉంది. నొప్పికి కొలమానం రోగి మాటే. నొప్పి ఉందని రోగి ఎప్పుడు చెబితే అప్పుడు ఉన్నట్లే, ఎంతని చెబితే అంత ఉన్నట్లే భావించాలని అమెరికన్ నర్సు మార్గో మెక్కాఫరీ 1968లో ప్రతిపాదించారు. నర్సింగ్ వృత్తి ఈ సూత్రాన్ని నేటికీ పాటిస్తోంది. నొప్పి అధ్యయనానికి ఏర్పడిన అంతర్జాతీయ సంఘం 2020లో తన నిర్వచనాన్ని సవరిస్తూ, చెప్పుకోలేని స్థితిలో ఉన్నంత మాత్రాన నొప్పి లేదనుకోరాదని స్పష్టం చేసింది. పసిపిల్లలు, మతి తప్పిన వృద్ధులు, వెంటిలేటరుపై ఉన్నవారు ఈ కోవలోకి వస్తారు. అటువంటివారి ముఖ కవళికలు, కాళ్ళూ చేతుల కదలిక, ఏడుపు తీరు చూసి అంచనా వేసే పద్ధతులు నర్సులకు అందుబాటులో ఉన్నాయి.

సున్నా నుంచి పది వరకు అంకెలలో నొప్పిని చెప్పమనడం ఆసుపత్రుల్లో వాడుకలో ఉన్న పద్ధతి. మన పల్లెల నుంచి వచ్చే రోగులకు ఈ ప్రశ్న కొత్త. పదికి ఎంత అని అడిగితే బిక్కమొహం వేసే వృద్ధురాలు, రూపాయిలో ఎంత తగ్గిందమ్మా అని అడిగితే పావలా వంతు తగ్గిందనో, ముప్పావలా వంతు పోయిందనో తడుముకోకుండా చెబుతుంది. కొలత మారలేదు, భాష మారిందంతే.

తెలుగులో నొప్పికి ఉన్న మాటలు వైద్యపరంగా కూడా విలువైనవి. పోటు, సలుపు, తీపు, మంట, గుంజు, పీకు, తిమ్మిరి, జివ్వుమనడం, సూదులతో గుచ్చినట్లుండడం అనేవి ఒకే బాధకు పర్యాయపదాలు కావు. మంట, తిమ్మిరి, కరెంటు కొట్టినట్లు జివ్వుమనడం అనే మాటలు రోగి నోట వచ్చాయంటే నరం దెబ్బతిన్న నొప్పి అయి ఉండవచ్చునని అనుమానించాలి. అటువంటి నొప్పికి మార్ఫిన్ ఒక్కటే చాలకపోవచ్చు, వేరే వర్గపు మందులు కలపవలసి రావచ్చు. పొత్తికడుపులో మెలితిప్పినట్లుందంటే దారి వేరు. ఇన్ని మాటలనూ కేస్ షీటులో 'నొప్పి ఉన్నది' అనే రెండు మాటలుగా కుదించి రాస్తే ఉదయం వచ్చే వైద్యునికి పనికివచ్చే సమాచారం పోయినట్లే. రోగి వాడిన మాటను ఉన్నదున్నట్లు తెలుగులో రాయడానికి ఏ నిబంధనా అడ్డురాదు.

రోగి చెప్పకపోవడం మరొక సమస్య. ఓర్చుకోవడం గొప్పతనమని పెరిగిన స్త్రీలు, సిస్టరుకు పని పెంచడం దేనికని మొహమాటపడే పెద్దలు, నొప్పి చెబితే డిశ్చార్జి చేయరేమోనని దాచేవారు ప్రతి వార్డులోనూ ఉంటారు. సిజేరియన్ అయిన మరునాడు బాధపడే బాలింతకు 'ఆడపుట్టుక పుట్టాక తప్పుతుందా' అన్న సమాధానం దొరకడం కూడా అరుదు కాదు. అడగనివారికి నొప్పి లేదని భావించడం నైతికంగా సరికాదు.

'అవసరమైతే ఇవ్వండి' అనే ఉత్తర్వు

మన కేస్ షీట్లలో నొప్పి మందు పక్కన తరచుగా కనిపించేది 'ఎస్.ఓ.ఎస్.', అంటే అవసరమైతే ఇవ్వండి అన్న సూచన. చూడటానికి చిన్న సూచనే గాని, నైతిక భారమంతా నర్సుపైకి బదిలీ అయ్యేది ఇక్కడే. అవసరమో కాదో నిర్ణయించేది ఎవరు? ఎంత నొప్పికి? ఎన్ని గంటల తేడాతో? ఒక రోజులో గరిష్ఠంగా ఎంత? ఉత్తర్వులో ఇవి లేకపోతే ఒక షిఫ్టు నర్సు ఉదారంగానూ, మరొక షిఫ్టు నర్సు కఠినంగానూ వ్యవహరించే అవకాశం ఉంది. రోగి నొప్పి డ్యూటీ చార్టును బట్టి మారరాదు.

కేన్సర్ నొప్పికి మందును గడియారం ప్రకారం ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986 నుంచీ చెబుతోంది. సాధారణ మార్ఫిన్ మాత్ర ప్రభావం సుమారు నాలుగు గంటలు. నొప్పి తిరిగి వచ్చి రోగి కేక వేసేవరకు ఆగి ఇవ్వడమంటే రోజుకు పలుమార్లు ఆ కేకకు అవకాశం కల్పించడమే. ఉత్తర్వు అస్పష్టంగా ఉన్నప్పుడు స్పష్టత కోరడం నర్సు హక్కు మాత్రమే కాదు, విధి. ఫోనులో ఇచ్చిన ఉత్తర్వును తిరిగి చదివి వినిపించి, సమయంతో సహా రాసుకుని, వైద్యుడు వచ్చిన వెంటనే సంతకం చేయించుకోవాలి. మందు ఇచ్చిన తరువాత మళ్ళీ వెళ్ళి నొప్పి ఎంత తగ్గిందో చూసి రాయాలి. తగ్గకపోతే 'డాక్టరుకు తెలియజేయడమైనది' అని రాసి ఊరుకోవడం చాలదు. ఎవరికి, ఎన్ని గంటలకు, ఏమని తెలియజేసినదీ, ఏమి జవాబు వచ్చినదీ ఉండాలి. జవాబు రాకపోతే పై వైద్యునికి, నర్సింగ్ సూపరింటెండెంటుకు చెప్పి ఆ విషయమూ నమోదు చేయాలి.

ఇదంతా చేయడానికి చేతులు చాలా? ఈ ప్రశ్నను నర్సులు అడిగితే తప్పు పట్టలేము. భారత నర్సింగ్ మండలి ప్రమాణాల ప్రకారం సాధారణ వార్డులలో బోధనాసుపత్రులలో ముగ్గురు రోగులకు, ఇతర ఆసుపత్రులలో ఐదుగురికి ఒక నర్సు ఉండాలి. రాత్రి షిఫ్టులో ఏ ప్రభుత్వ వార్డును చూసినా ఈ లెక్కకూ వాస్తవానికీ ఉన్న దూరం తెలుస్తుంది. నొప్పి నమోదు లోపించినందుకు నర్సును సంజాయిషీ అడిగే అధికారి ఆ రాత్రి వార్డులో ఎందరు రోగులకు ఎందరు నర్సులు ఉన్నారో కూడా ఫైలులో చేర్చడం న్యాయం.

మందు ఆపినందుకు చట్టపరమైన బాధ్యత వచ్చిన సందర్భం అమెరికాలో ఉంది. నార్త్ కరోలినా రాష్ట్రంలో ఒక వృద్ధాశ్రమంలో చేరిన హెన్రీ జేమ్స్ అనే కేన్సర్ రోగికి వైద్యులు మార్ఫిన్ రాశారు. ఆయన మందుకు బానిస అయ్యాడని నిర్ణయించిన నర్సు దాన్ని తగ్గించి స్వల్ప ప్రభావం గల వేరే మందులు వాడారు. ఆయన తీవ్ర బాధతో మరణించారు. కుటుంబం వేసిన దావాలో 1990లో జ్యూరీ ఆశ్రమ యాజమాన్యంపై 1.5 కోట్ల డాలర్ల పరిహారం విధించింది. ఆ తరువాత ఇరుపక్షాలు రాజీ కుదుర్చుకున్నాయి. నర్సు అక్కడ దురుద్దేశంతో వ్యవహరించలేదు, రోగిని అలవాటు నుంచి కాపాడుతున్నానని భావించారు. మన వార్డులలో వినిపించే ఆలోచన కూడా సరిగ్గా అదే కనుక ఈ కేసు ప్రస్తావనార్హం.

ప్రమాదం ఎక్కడ, భ్రమ ఎక్కడ

ఓపియాయిడ్ల ప్రమాదాన్ని తక్కువ చేసి చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. 1990 దశకంలో అమెరికాలో దీర్ఘకాలిక నొప్పులకు ఈ మందులను విచ్చలవిడిగా రాయడం వల్ల కలిగిన అనర్థం ప్రపంచానికి తెలిసినదే. మన దేశంలోనూ ట్రమడాల్ దుర్వినియోగం పెరగడంతో 2018 ఏప్రిల్‌లో దాన్ని ఎన్.డి.పి.ఎస్. చట్టం పరిధిలోకి తెచ్చారు. నడుము నొప్పికి ఏళ్ళ తరబడి వాడటం వేరు, కేన్సర్ ముదిరిన రోగికో శస్త్రచికిత్స జరిగిన రోగికో పర్యవేక్షణలో వాడటం వేరు. శరీరం మందుకు అలవాటు పడి కొంతకాలానికి మోతాదు పెంచవలసి రావడం, హఠాత్తుగా ఆపితే ఇబ్బంది కలగడం వ్యసనం కాదు. నొప్పి లేకపోయినా, హాని జరుగుతున్నదని తెలిసినా, మందు కోసమే వెంపర్లాడటం వ్యసనం. ఈ తేడా తెలియక, గంటకాకముందే మందు అడిగిన రోగికి 'అలవాటు పడ్డాడు' అన్న ముద్ర వేస్తే, తరువాతి షిఫ్టులన్నీ ఆ ముద్రనే చదువుకుంటాయి.

ఊపిరి మందగించడం నిజమైన ప్రమాదమే. అయితే స్వల్ప మోతాదుతో మొదలుపెట్టి నొప్పిని బట్టి పెంచుకుంటూ వెళ్ళినప్పుడు అది అరుదు. అంతకు ముందే మగత కమ్మడం హెచ్చరికగా కనిపిస్తుంది. మగతను, శ్వాస వేగాన్ని గమనించి రాసే నర్సు ఉన్నచోట మార్ఫిన్ సురక్షితమైన మందు. విరుగుడుగా నలోక్సోన్ వార్డులో ఉండాలి. మలబద్ధకం మాత్రం దాదాపు అందరికీ వస్తుంది కనుక విరేచనకారిని మొదటి రోజు నుంచే ఇవ్వాలి.

మందు అని చెప్పి డిస్టిల్డ్ వాటర్ ఎక్కించి, నొప్పి తగ్గిందంటే 'నటిస్తున్నాడు' అని తేల్చే అలవాటు ఒకటి అక్కడక్కడ మిగిలి ఉంది. ఇది వైద్య పరీక్ష కాదు, మోసం. ఉత్తుత్తి మందుకు నిజమైన నొప్పి కూడా కొంతసేపు తగ్గుతుందన్నది శాస్త్రానికి తెలిసిన విషయమే కనుక దీనివల్ల రుజువయ్యేదీ లేదు. అటువంటి ఉత్తర్వును అమలు చేయడానికి నర్సు నిరాకరించడం వృత్తి నీతికి అనుగుణమైనదే.

నిర్లక్ష్యం కేసులు

నర్సు పొరపాటుకు ఆసుపత్రి బాధ్యత వహించాలన్న సూత్రం 1998లో స్ప్రింగ్ మెడోస్ ఆసుపత్రి కేసులో సుప్రీంకోర్టు తీర్పుతో స్థిరపడింది. ఒక పసివాడికి నర్సు చేసిన ఇంజెక్షన్ వికటించి మెదడు శాశ్వతంగా దెబ్బతినగా, ఆసుపత్రి పరిహారం చెల్లించాలని న్యాయస్థానం ఖరారు చేసింది. ఇక క్రిమినల్ కేసుల విషయంలో, స్థూలమైన నిర్లక్ష్యం ఉంటే తప్ప వైద్యులను నేరస్థులుగా విచారించరాదని, అందుకు ముందు నిపుణుడైన స్వతంత్ర వైద్యుని అభిప్రాయం తీసుకోవాలని 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు నిర్దేశించింది.

2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఇక్కడ ఒక కొత్త వ్యత్యాసాన్ని తెచ్చింది. పాత శిక్షాస్మృతిలో నిర్లక్ష్యం వల్ల మరణం కలిగిస్తే ఎవరికైనా రెండేళ్ళ వరకు జైలు. కొత్త సంహిత 106వ సెక్షన్ దాన్ని ఐదేళ్ళకు పెంచి, వైద్య ప్రక్రియ నిర్వహిస్తున్న రిజిస్టర్డ్ వైద్యునికి మాత్రం రెండేళ్ళుగానే ఉంచింది. రిజిస్టర్డ్ వైద్యుడంటే జాతీయ వైద్య కమిషన్ చట్టం కింద గుర్తించిన అర్హత గలిగి వైద్యుల రిజిస్టరులో పేరున్న వ్యక్తి అని అదే సెక్షన్ వివరణ ఇచ్చింది. నర్సుల పేర్లు ఉండేది నర్సింగ్ మండలి రిజిస్టరులో. అంటే ఒకే మంచం దగ్గర, ఒకే మందు విషయంలో జరిగిన పొరపాటుకు మందు రాసిన వారికి రెండేళ్ళు, ఆ ఉత్తర్వును పాటించి ఇచ్చినవారికి ఐదేళ్ళు గరిష్ఠ శిక్ష కావచ్చునన్నమాట. శాసనకర్తల ఉద్దేశం ఇదే అయి ఉంటుందని భావించలేము. దీన్ని సరిచేయవలసిన అవసరం ఉంది. అంతవరకు నర్సుకు రక్షణ కేస్ షీటులో తాను రాసిన అక్షరమే.

చివరి దశలో

మరణశయ్యపై ఉన్న రోగి బంధువులు కొందరు నర్సును పక్కకు పిలిచి, 'ఈ బాధ చూడలేకపోతున్నాం సిస్టర్, ఏదైనా ఇంజెక్షన్ చేసి పంపించెయ్యండి' అని అడగడం కద్దు. చట్టం దీన్ని అనుమతించదు. 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు గుర్తించినది గౌరవంగా మరణించే హక్కును, నిర్ణీత పద్ధతిలో ప్రాణాధార చికిత్సను నిలిపివేయడాన్ని మాత్రమే. ఆ పద్ధతిని 2023 జనవరిలో కొంత సులభతరం చేసింది. ప్రాణం తీసే ఇంజెక్షన్ నేరంగానే కొనసాగుతోంది. నొప్పికి తగిన మోతాదులో ఇచ్చే మార్ఫిన్ ఈ కోవలోకి రాదు. మోతాదు నొప్పిని బట్టి పెరిగిందా, బంధువుల మాటను బట్టి పెరిగిందా అన్నది రికార్డు చెబుతుంది. వెంటిలేటరు తీసివేయాలని నిర్ణయించిన రోగికి సైతం నొప్పి మందు, ఆయాసానికి మందు, నోటి తడి, పక్క మార్పు యథాతథంగా కొనసాగించవలసిందే.

రోగి తరఫున మాట్లాడే అర్హత నర్సులకు ఎంతవరకు ఉందన్న ప్రశ్నకు 2011 నాటి అరుణా షాన్‌బాగ్ తీర్పు ఆసక్తికరమైన జవాబిచ్చింది. ముంబయి కె.ఇ.ఎం. ఆసుపత్రి నర్సు అయిన ఆమె 1973లో జరిగిన దాడి తరువాత 2015లో మరణించేవరకు ఆ ఆసుపత్రి సిబ్బంది సంరక్షణలోనే ఉన్నారు. పిటిషన్ వేసిన రచయిత్రిని కాక, దశాబ్దాలుగా సేవ చేస్తున్న ఆసుపత్రి సిబ్బందినే ఆమెకు ఆప్తులుగా సుప్రీంకోర్టు పరిగణించింది.

'మత్తు' అనే మాట

పత్రికలలో మార్ఫిన్ పేరు కనిపించేది ఎక్కువగా పట్టివేత వార్తలలోనే. శస్త్రచికిత్సకు ఇచ్చే అనస్తీషియా 'మత్తు', ఆ వైద్యుడు 'మత్తు డాక్టరు', నొప్పి ఇంజెక్షన్ 'మత్తు ఇంజెక్షన్', వీధిలో అమ్మే సరుకూ 'మత్తు మందే'. ఒకే మాట ఇన్నింటికి వాడటం వల్ల, కేన్సర్ రోగి ఇంట్లో మార్ఫిన్ మాత్రలు చూసిన ఇరుగుపొరుగువారు అనుమానంగా చూసే పరిస్థితి వస్తోంది. చికిత్స సందర్భంలో 'నొప్పి నివారణ మందు' అని, దుర్వినియోగం సందర్భంలో 'మాదకద్రవ్యం' అని వేరుగా రాయడం విలేకరులకు కష్టం కాదు. పట్టుబడిన మందు ఎక్కడి నుంచి దారి మళ్ళిందో వార్తలో చెప్పగలిగితే మరింత ప్రయోజనకరం.

మందు రాసే అధికారం, ఇంటి వద్ద సేవ

భారతదేశంలో నర్సులకు మార్ఫిన్ రాసే అధికారం లేదు. ఉగాండా 2004లో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులకు నోటి ద్వారా తీసుకునే మార్ఫిన్‌ను రాసే అధికారం ఇచ్చింది. వైద్యులు కొద్దిమందే ఉన్న ఆ దేశంలో మారుమూల గ్రామాలకు మందు చేరడానికి ఇదొక మార్గమైంది. మన పరిస్థితి వేరైనా, ఆ దిశలో చదువు మొదలైంది. 2021లో సవరించిన బి.ఎస్సీ. నర్సింగ్ పాఠ్యప్రణాళికలో ఉపశమన సంరక్షణపైన, మందు రాయడంలోని మౌలికాంశాలపైన 20 గంటల చొప్పున తప్పనిసరి పాఠాలు చేర్చారు. చదువు వచ్చింది, అధికారం రాలేదు. శిక్షణ పొందిన నర్సు వైద్యుడు నిర్దేశించిన హద్దుల మధ్య మోతాదును సర్దుబాటు చేసేందుకు రాతపూర్వక విధానం రూపొందించుకోవడం ఆసుపత్రుల చేతిలో ఉన్న పని.

కేరళలో 1993లో కోజికోడ్‌లో మొదలైన ఉద్యమం, 2008లో ఆ రాష్ట్రం ప్రకటించిన విధానం ఇంటింటికీ వెళ్ళే నర్సు చుట్టూ అల్లుకున్నవి. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ కేన్సర్ ఆసుపత్రిలో 2000 దశకం మధ్య నుంచి ఉపశమన సంరక్షణ విభాగం పనిచేస్తోంది. తెలంగాణలో తరువాతి కాలంలో జిల్లాలలో కేంద్రాలు, 'ఆలన' పేరుతో ఇళ్ళకు వెళ్ళే బృందాలు ఏర్పడ్డాయి.

ఇంటికి వెళ్ళిన నర్సు ముందు ఆసుపత్రిలో లేని ప్రశ్నలు నిలుస్తాయి. జబ్బు పేరు రోగికి చెప్పవద్దని కొడుకు గడప దగ్గరే ఆపి బతిమాలతాడు. లోపలికి వెళ్ళగానే రోగి 'ఈ తెల్ల మాత్ర దేనికమ్మా' అని అడుగుతాడు. అబద్ధం చెప్పకుండా, బలవంతంగా నిజం మోపకుండా, ఆయన తెలుసుకోదలచినంత వరకు చెప్పడం ఇక్కడ అనుసరించవలసిన పద్ధతి. మాత్రలు పిల్లలకు అందనిచోట పెట్టించాలి, చీటీని మందుతోపాటే భద్రపరచమని చెప్పాలి, వెళ్ళిన ప్రతిసారీ మిగిలినవి లెక్కపెట్టాలి. రోగి మరణించాక మిగిలిన మాత్రలను కేంద్రానికి తిరిగి ఇవ్వమని కుటుంబాన్ని ముందే కోరి ఉంచడం మంచిది. పెద్దకర్మ ముగిసిన తరువాత నర్సు పరామర్శకు వెళ్ళి మాత్రలు తెచ్చి, ఎన్ని వచ్చినవీ ఇంటివారి సంతకంతో రాసి, కేంద్రంలోని రిజిస్టరులో ఆ రోగి పేరు ఎదుట లెక్క ముగిస్తుంది.